వెంకటేశ్వరి ఎవరమ్మా?

ఆ పేరు పిలిచింది నేనే. మూడుసార్లు పిలిచాను. మూడోసారి విసుక్కున్నాను కూడా. "వెంకటేశ్వరి! వెంకటేశ్వరి ఎవరమ్మా? చెవులు పనిచెయ్యవా?"

తొంభయ్యో సంవత్సరం సెప్టెంబరు. ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగి నలభై రోజులు దాటింది. నేను రాజోలువాణ్ణి, అహ్మదిలో ఒక కాంట్రాక్టరు దగ్గర గుమాస్తాని. ఆఫీసు మూతపడ్డాక ఊరికే కూర్చోలేక, ఫర్వానియాలో ఒక బడి ఆవరణలో ఇండియా వెళ్ళేవాళ్ళ జాబితా చదివే పని నెత్తినేసుకున్నాను. పేరు పిలిస్తే బస్సెక్కాలి. బాగ్దాద్ మీదుగా జోర్డాన్ దాకా బస్సు, అక్కణ్ణించి విమానం. పలకకపోతే ఆ సీటు ఇంకొకరిది.

ముందు వరసలో నలభయ్యేళ్ళావిడ ఒకామె, ఒళ్ళో ప్లాస్టిక్ సంచితో, నన్నే చూస్తూ కూర్చుంది. నేను అరిచినప్పుడు అందరితోపాటు ఆమె కూడా వెనక్కి తిరిగి, ఈ వెంకటేశ్వరి ఎవరా అని వెతికింది. నేను తర్వాతి పేరు చదివాను. బస్సు నిండింది, పోయింది.

గంట తర్వాత ఆవిడే నా బల్ల దగ్గరికొచ్చింది.

"అన్నా, నా పేరు ఎప్పుడొచ్చాది?"

"ఏం పేరమ్మా?"

"వెంకటేశ్వరి."

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఎదురుగానే కూర్చున్నారు కదండీ! గొంతు చించుకుని మూడుసార్లు అరిచానే!"

ఆమె ఏడవలేదు. "నన్నేనా నువ్వు పిలిచింది?" అంది, పక్కింటివాళ్ళ సంగతి అడిగినట్టు.

అప్పుడు చెప్పింది. వాళ్ళది రాయచోటి దగ్గర పల్లె. పదకొండేళ్ళ కిందట ఏజెంటు చేతిలో ఇంటిపని వీసా ఒకటుంది. ఆ ఇంటివాళ్ళకు వంటింట్లో ముస్లిం మనిషే కావాలి. రావాల్సిన షరీఫా బీ చివర్లో రానంది. పాస్‌పోర్టులో ఫొటో మార్చి ఈమెను విమానమెక్కించారు. ఆ రోజు నుంచి మామా అని పిలిచే ఇంటి యజమానురాలికి షరీఫా, పిల్లలకు షరీఫా, కూరగాయల అంగడివాడికి షరీఫా. రంజాన్ నెలంతా ఉపవాసం. తక్కిన నెలల్లో శనివారాలు చాటుగా ఉపవాసం. ఈమెకు పుట్టుకతోనే ఆకలి తక్కువని మామా అనుకునేదట. అది చెప్పేటప్పుడు మాత్రం కొంచెం నవ్వింది.

సైన్యం వచ్చిన మూడో రోజు ఇంటి యజమాని, అక్కడి మాటలో కఫీల్, కుటుంబంతో సహా సౌదీకి కారెక్కాడు. కారులో చోటు లేదని ఈమెకు ఇంటి తాళాలిచ్చారు. పాస్‌పోర్టు ఎక్కడుందో చెప్పలేదు. తర్వాత సైనికులు వచ్చి ఏసీలు, ఫ్రిజ్, పిల్లల సైకిలు మోసుకుపోతుంటే ఈమె తలుపు తెరిచి పట్టుకుని నిలబడింది. "హిందీ?" అని, ఇండియా మనిషివేనా అన్నట్టు అడిగి వదిలేశారు. పేరు ఎవరూ అడగలేదు. ఒంటిరంగు చూశాక పేరుతో వాళ్ళకేం పని!

"మరి జాబితాలో సొంత పేరెందుకు రాయించారు?" అన్నాను.

"పాత కాగితాలు పోయినాయి గదా అన్నా, కొత్తవాట్లోనన్నా నా పేరుండనీ అనుకుంటి. దోవలో సచ్చిపోతే? షరీఫా బీ పోయిందని, రాయచోటిలో బతికుండే ఆయమ్మ ఇంటికి పోతాది కబురు. మా పిల్లోళ్ళకు తెలిసేదెట్ట?"

నా కోపమంతా దిగిపోయింది. ఇంత చదువుకున్నవాణ్ణి, ఒక్కసారి ఆగి ఆ వరసలో ముఖాలు చూసుంటే ఏం పోయేది? చాలా సిగ్గేసింది.

"మళ్ళీ రాస్తానమ్మా. ఈసారి జాగ్రత్తగా వినండి. వెంకటేశ్వరి," అని కలం తీశాను.

ఆమె రిజిస్టరు మీద చెయ్యి పెట్టింది.

"వద్దన్నా. షరీఫా బీ అని రాయి."

"అదేంటమ్మా! ఇప్పుడే కదా పిల్లల సంగతి చెప్పారు?"

"ఆ పేరు పిలిచ్చే నాకు వినపడల్యా. మల్లా వినపడకపోతే ఈడే ఉండిపోతా."

షరీఫా బీ అని రాశాను. ఆమె ఆ అక్షరాల వైపు చూడను కూడా చూడలేదు, వెళ్ళి ముందు వరసలోనే కూర్చుంది.

ఐదో రోజు ఇంకో బస్సు వచ్చింది. "షరీ" అన్నానో లేదో, లేచి నిలబడింది.