చెరో ఎద్దు

కొడుకు దుకాణం గుమ్మం పక్కన ఒక బల్ల ఉంది. కొనడానికి వచ్చేవాళ్లు కూర్చుంటారని వేయించాడు. దాని మీద కొనేవాళ్లు కూర్చోగా ఇంతవరకు చూసినవాళ్లు లేరు. పొద్దున్నే కాఫీ తాగి, మేడ మెట్లు దిగొచ్చి పెద్దాయన దాన్ని ఆక్రమించాడంటే మళ్లీ భోజనానికి లేవాల్సిందే. దుకాణం నిండా ట్రాక్టరు సామాను. ఫిల్టర్లు, బెల్టులు, బేరింగులు, గ్రీజు డబ్బాలు. పెద్దాయన నోటి నిండా ట్రాక్టరు మీద తిట్లు.

"ఆ దిక్కుమాలిన బండి వచ్చాకేనయ్యా, అన్నదమ్ముల మధ్య మాట పోయింది" అంటాడు, బెల్టు కోసం వచ్చిన రైతుతో.

రైతు బిక్కమొహం వేసి కొడుకు వైపు చూస్తాడు. కొడుకు తలొంచుకుని అరల్లో బెల్టు వెతుకుతాడు. ఆ దిక్కుమాలిన బండి పుణ్యమా అనే ఇంటిల్లిపాదికీ నాలుగు వేళ్లూ నోట్లోకి పోతున్నాయని తండ్రితో అనే ధైర్యం అతనికి లేదు. ఉన్నా లాభం లేదు. పెద్దాయన అప్పటికే ఎద్దుల కథ ఎత్తుకుని ఉంటాడు.

కథ అందరికీ తెలిసిందే. తండ్రి పోయాక పెద్దాయనా, ఆయన తమ్ముడూ వేరుపడ్డారు. పొలం పంచుకున్నారు, పాక పంచుకున్నారు, మంచాలు పంచుకున్నారు. చివరికి ఎద్దుల జత మిగిలింది. ఎడమ పక్కన కట్టే పుల్లోడు అన్న చేతి మీద పెరిగింది. కుడి పక్కన కట్టే నల్లోడు తమ్ముడి వెంట తిరిగింది. జత ఒకరు తీసుకోండి, రెండోవాళ్లు దాని బదులు ఇంకేదైనా తీసుకోండి అని పెద్దమనుషులు గడ్డాలు పట్టుకుని బతిమాలారు. ఇద్దరిలో ఒక్కరైతే ఒక్కరు మెత్తబడితేగా! "నీకు నాగటి చాలు తిన్నగా తోలడమే రాదు, జతేం చేసుకుంటావురా" అన్నాడు అన్న. "ఇకమీదట నీతో మాట్లాడితే ఒట్టు" అన్నాడు తమ్ముడు. "నాకూ అదే ఒట్టు" అన్నాడు అన్న. పెద్దమనుషులకు ఆకలి దంచేస్తోంది. "చెరోటి తోలుకుపోండి, పీడా పోతుంది" అని లేచి దులుపుకున్నారు.

అలా నాగలికి రెండెద్దులు కావాలన్న సంగతి తెలిసిన ఇద్దరు రైతులు, తలా ఒక ఎద్దును పట్టుకుని, గెలిచిన మొహాలతో ఇళ్లకు వెళ్లారు.

తొలి వాన పడింది. పదును ఆరకముందే దుక్కి దున్నాలి. అన్న తన పుల్లోణ్ని తోలుకుని గట్టు మీదికి వచ్చేసరికి తమ్ముడు నల్లోణ్ని పట్టుకుని ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. ఆకాశాన్ని చూశారు, మట్టిని చూశారు. ఆఖరికి అన్న గొంతు సవరించుకుని నల్లోడి చెవి దగ్గరికి వంగాడు.

"ఒరే నల్లోడా, ఇవాళ మా చేలో దున్ని రేపు మీ చేలో దున్నుదామని మీవాడికి చెప్పు."

తమ్ముడు పుల్లోడి గంగడోలు నిమిరాడు. "పుల్లోడా, ముందు మా చేను. మీవాడిది పల్లం, ఇంకో రోజు ఆరనివ్వమను."

అదిగో, అలా మొదలైంది. ఎవరి ఎద్దును వాళ్లు రెండోవాడి చేతికి వదలరు. ఒకడు నాగలి మేడి పట్టుకుంటే రెండోవాడు తన ఎద్దు మీద ఒక్క దెబ్బ ఎక్కువ పడకుండా పక్కనే నడిచేవాడు. ఒట్టు ఒట్టే, మాట మాటే. ఎద్దుల మీదుగా మాట్లాడుకోని విషయం లేదు. పిల్లాడికి జ్వరం తగ్గిందా, ఎరువు ఎక్కడ దొరుకుతోంది, అమ్మాయిని చూడటానికి ఎవరైనా వస్తున్నారా. ఒకసారి తమ్ముడు జోకేస్తే అన్నకు నవ్వాగలేదు. నవ్వితే మాట్లాడినట్టే అవుతుందేమోనని పుల్లోడి మూపురంలో మొహం దాచుకుని నవ్వాడు.

"నన్ను కట్టుకున్నాక ఆయన నాతో మాట్లాడిన మాటలన్నీ కలిపినా, ఆ నల్లెద్దుతో ఒక్క వానాకాలంలో మాట్లాడినన్ని ఉండవు" అంటుంది ముసలావిడ, మెట్ల మీద కూర్చుని కూరగాయలు తరుగుతూ.

ఏళ్లు గడిచాయి. నల్లోడు ముసలిదై చచ్చిపోయింది. తరువాతి వానకు తమ్ముడు ట్రాక్టరు పిలిపించాడు. పెద్దాయన మాత్రం తక్కువ తిన్నాడా, ఆయనా పిలిపించాడు. గట్టు మీద నిలబడి, అలవాటు చొప్పున ట్రాక్టరు ముందు భాగం వైపు తిరిగి, "మీవాడి గట్టు తెగింది, చూసుకోమను" అన్నాడు. ఇంజను మోతలో ఏమీ వినపడక డ్రైవరు తల బయట పెట్టి "నన్నేనా?" అని అరిచాడు. పెద్దాయన తల తిప్పుకున్నాడు. ఆ రోజుతో మాట ఆగిపోయింది.

అంత పెద్ద తప్పు చేసింది ఎవరంటే, ట్రాక్టరు.

"ఎద్దు చస్తే మీ నోరు పడిపోయిందా?" అని ముసలావిడ ఎన్నిసార్లు అడిగిందో. పెద్దాయన దగ్గర ఉన్నదల్లా పౌరుషం. దాన్ని నల్లోడితో పాటు పాతిపెట్టలేదు మరి.

ఇంతవరకు పెద్దాయన నవ్వుతూనే చెప్తాడు. కథలో ఒక ముక్క మాత్రం ఉంది, అది వస్తే ఆయన మొహం మాడిపోతుంది. తమ్ముడి భార్య పోయినప్పటి సంగతి. కబురు తెలియగానే పరుగున వెళ్లాడు. తమ్ముడు వాకిట్లో అరుగు మీద కూర్చుని ఉన్నాడు. వెళ్లి తమ్ముడికి ఎదురుగా నిలబడ్డాడు. చెప్పాల్సింది ఒక్క మాట. అదీ అనలేదు. తల దించుకుని తిరిగొచ్చేశాడు.

"పద్ధతి లేని మనుషులు! చావింట్లో వాకిలికి అడ్డంగా దూడను కట్టేస్తారా ఎవరైనా? మనిషి నిలబడటానికి చోటు లేదు" అని ఆ ముక్క దగ్గర విసుక్కుంటాడు. ఆ విసుగు దూడ మీద కాదని దుకాణంలో ఫిల్టర్లకు కూడా తెలుసు. మరదలు ఆయనకు చేసిన మర్యాద ఏనాడూ తక్కువ కాలేదు. ఆమె కోసం తమ్ముడితో ఒక్క మాట అనలేకపోయాననే దిగులు ఆయన్ని తినేస్తోంది. చచ్చేలోగా ఆ మాట అనాలి. ఎలాగో తెలియదు, అంతే.

అలాంటి సమయంలో కోడలు చల్లగా చెప్పింది. "మావయ్యా, చిన్నమావయ్యకి కంటి ఆపరేషన్ అట. ఆసుపత్రి మన వీధి చివరేగా, రెండు రోజులు ఇక్కడే ఉండమన్నాను."

పెద్దాయన ఆ పూట దుకాణానికి దిగలేదు. అద్దం ముందు నిలబడి పెదాలు కదిలిస్తుంటే ముసలావిడ చూసి నోరు నొక్కుకుంది.

తమ్ముడిని కొడుకు ఆటోలో తీసుకొచ్చాడు. ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండోదాని మీద కట్టు. హాల్లో కుర్చీలో కూర్చోబెట్టారు. పెద్దాయన ఎదురు కుర్చీలో బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు. కోడలు కాఫీ తెచ్చింది.

"అమ్మాయ్, కప్పు వేడిగా ఉందని చెప్పు" అన్నాడు పెద్దాయన.

తమ్ముడు కోడలి గొంతు వచ్చిన వైపు తల తిప్పాడు. "అమ్మాయ్, నాకు పోయింది కన్నే కానీ వేళ్లు కాదని మీ మావయ్యకి చెప్పు."

పెద్దాయన మొహం వెలిగిపోయింది. పోయిన నల్లోడు లేచొచ్చినట్టయింది. ఇక చూడండి! వానలు, చీడలు, పక్క పొలం వాడి దొంగబుద్ధి, అన్నీ కోడలి మీదుగా అటు పోయాయి, ఇటు వచ్చాయి. పాపం ఆ పిల్ల కుట్టాల్సిన జాకెట్లు ఒళ్లో పెట్టుకుని, సూది పట్టుకుని, అటు తల ఇటు తల తిప్పుతూ మోసింది. సాయంత్రానికి పెద్దాయనకు ధైర్యం వచ్చింది.

"అమ్మాయ్, ఆయనకి చెప్పు... అప్పుడు మరదలు..." అని ఆగిపోయాడు.

తమ్ముడు కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. "ఏం చెప్పమంటారు మావయ్యా?" అంది కోడలు.

"ఫ్యాను తగ్గించాలేమో అడుగు" అన్నాడు పెద్దాయన.

కోడలు జాకెట్లు చంకన పెట్టుకుని లేచింది. "నేను ఎద్దును కాదు మావయ్యా. నాకు పనుంది." లోపలికెళ్లి మిషను తొక్కడం మొదలెట్టింది. పెద్దాయన దీనంగా ముసలావిడ వైపు తిరిగాడు. "నా వైపు చూడకండి. నేనెప్పుడో మోసి మోసి మూల పడ్డాను" అని ఆవిడ వంటింట్లోకి నడిచింది.

మర్నాడు పొద్దున డాక్టరు చూసి కట్టు మార్చి, ఇంటికెళ్లొచ్చన్నాడు. కొడుకు బండి తేవడానికి దిగాడు. హాల్లో మళ్లీ ఇద్దరే. వీధిలో హారన్ మోగింది. తమ్ముడు ఎవరినీ పిలవకుండా లేచాడు. గోడ తడుముకుంటూ నడిచాడు. గుమ్మం దాటితే ఎడమకు వీధి మెట్లున్న వరండా, కుడికి దుకాణంలోకి దిగే నిటారు మెట్లు. చెయ్యి గోడ వదిలేసింది, కాలు కుడికి తిరిగింది. పెద్దాయన చుట్టూ చూశాడు. కోడలు లేదు, ముసలావిడ లేదు, ఎద్దు అసలే లేదు.

"ఆగు! ఎడమకి తిరుగు, ఎడమకి!"

ఆ గొంతుకి ఎన్ని దుక్కుల్లో ఎద్దులు తిరిగాయో. తమ్ముడు ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆపి అటు తిరిగాడు.

"నాకా, ఎద్దుకా?" అన్నాడు.

"ఎద్దెక్కడుందిరా ఇక్కడ? నీకే." పెద్దాయన మోకాళ్ల నొప్పులు మరిచిపోయి వెళ్లి మోచెయ్యి పట్టుకున్నాడు. పట్టుకున్నాక వదల్లేకపోయాడు. "మరదలు పోయినప్పుడు వచ్చానురా. ఒక్క మాట అనలేకపోయాను. మంచి మనిషిరా. ఎంత కష్టమొచ్చిందిరా నీకు."

మిషను చప్పుడు ఆగింది. వంటింటి గుమ్మంలో ముసలావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

తమ్ముడి కట్టు అంచున తడి కనిపించింది. "కంట్లో నీళ్లు తగలకూడదన్నాడు డాక్టరు" అని గొణిగి భుజంతో చెంప తుడుచుకున్నాడు.

"నువ్వొచ్చావని తెలుసన్నయ్యా. వస్తావనీ తెలుసు. అందుకే ఆ పూట దూడను మేతకి తోలనివ్వలేదు. అందరూ తిడుతున్నా వాకిట్లోనే కట్టించాను, నీకు ఎదురుగా. దానికైనా చెప్తావని."