దూలానికి వేలాడే పట్టా ముక్క

మొన్న ఆదివారం పొద్దున ఎనిమిది గంటలకు, మా పాతబస్తీలో మూతబడిన చిన్న స్టేషన్‌కు పాత ఇనుము కొనే భాయ్ వచ్చాడు. బ్రాంచి లైను ఎత్తేసి ఏళ్లయింది. రేకులు, కిటికీ కమ్మీలు ముందే పోయాయి. దూలానికి గొలుసుతో వేలాడే రైలు పట్టా ముక్క ఒక్కటే మిగిలింది. నేను పోర్టరుగా ఉన్నన్నాళ్లూ దాన్నే గంటగా కొట్టాను. అది పోవడం నాకు ఇష్టం లేదని మొహం మీదే చెప్పాను.

"ఏం జేస్తవ్ బాపూ? రైలే లేదాయె," అంటూ అతను గొలుసు పట్టుకున్నాడు.

"జర ఆగు భాయ్, ఒక్కసారి కొట్టనియ్యి."

మా ఆవిడ ఇంటి నుంచి సుత్తి తెచ్చింది. "నన్నన్న గింత మంచిగ జూస్కోకపోతివి," అంటూనే ఇచ్చింది. గట్టిగా రెండు దెబ్బలు వేశాను.

గోడ అవతల గాజులమ్మే ముసలవ్వ కేక వేసింది: "ఏందిరా, బండి ఎల్లిందా? నేనింక ఎసరే పెట్టలే!"

వెనక స్టేషన్‌లో బండి కదిలిందని ఫోను రాగానే నేను గంట కొట్టేవాణ్ణి. అది విని గల్లీ ఆడవాళ్లు ఎసరు పెట్టేవారు. మొగవాళ్లు బండి దిగి ఇల్లు చేరేసరికి అన్నం ఉడికేది. లైను మూసిన కొత్తలో ఏ ఇంట్లోనూ వేళకు వంట కాలేదు. ముసలితనంలో అక్షరాలు నేర్చిన నేను రాయగల స్టేషన్ చరిత్ర ఇదే.

భాయ్ నవ్వి గొలుసు వదిలేశాడు. "ఉండనీ బాపూ. తీస్కపోతే అవ్వ నాతోని లొల్లి వెట్టుకుంటది."

ఆ పొద్దు అక్కడున్నది నేను, మా ఆవిడ, ఇనుము భాయ్, గోడ మీదుగా తొంగిచూసి ఇంకా తిడుతున్న అవ్వ.