మొగులమ్మ బతికే ఉంది

ఎస్తేరు అన్న పేరు ఆమెకు ఏడో ఏట వచ్చింది. అంతకుముందు తాండూరులో ఆమె చంద్రవ్వ. తండ్రి భీమయ్య నాపరాతి గనిలో బండలు తీసేవాడు. కలరా గత్తర వచ్చిన ఏడు పోయాడు. తల్లి మొగులమ్మ అదే గనిలో రాళ్లు మోస్తూ బిడ్డను సాకింది. వికారాబాద్‌లో హార్ట్‌లీ మిస్సమ్మ అనే ఇంగ్లండు మిషనరీ ఆడపిల్లలకు బోర్డింగు నడుపుతున్నదనీ, తిండి పెట్టి చదువు చెబుతుందనీ ఎవరో చెబితే, నమ్మడానికి మొగులమ్మకు నెల పట్టింది. నమ్మిన తర్వాత వెనకాడలేదు. ఎర్రపూల గుడ్డ కొని కొత్త లంగా కుట్టించి, పిల్లను తానే రైల్లో తీసుకొచ్చి అప్పజెప్పింది.

మిస్సమ్మ అంటే ఎస్తేరుకు ప్రాణం. టైఫాయిడ్ వచ్చి మూడు వారాలు మంచం పట్టినప్పుడు నుదుటి మీద తడిగుడ్డ మార్చినవి ఆ చేతులే. నలభై ఎనిమిదిలో పోలీసు చర్య నాడు ఊరంతా తలుపులు బిగించుకుంటే, మిస్సమ్మ వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆమె కూర్చుందన్న ధైర్యంతో పిల్లలంతా లోపల హాయిగా నిద్రపోయారు.

ఏటా క్రిస్మస్‌కు మొగులమ్మ జొన్నరొట్టెలు, పుంటికూర తొక్కు మూటగట్టుకుని తాండూరు నుంచి వచ్చేది. బయటి నుంచి తెల్లవాళ్లు వచ్చిన రోజున మాత్రం వంటింటి వెనక ఆయాల దగ్గరే కూర్చునేది.

"ముంగటికి రారాదే అవ్వా, పాటలు పాడుతున్నం" అని ఎస్తేరు చెయ్యి పట్టి లాగితే, "నాకెందుకు బిడ్డా గా దొరల నడుమ" అని విడిపించుకునేది. అవ్వకు సిగ్గు అనుకుంది ఎస్తేరు.

నర్సు చదువు అయింది. వికారాబాద్ మిషన్ దవాఖానాలోనే కొలువు దొరికింది. 1958లో ఒక ఏడాది కాన్పుల పని నేర్చుకోవడానికి మిస్సమ్మే రాసి, మాట్లాడి, ఇంగ్లండులో సీటు ఇప్పించింది. వికారాబాద్‌లో బొంబాయి బండి ఎక్కితే దారిలోనే తాండూరు. ఆ స్టేషన్లో మొగులమ్మ ఒక్కొక్క డబ్బా కిటికీ చూసుకుంటూ పరుగెత్తుకొచ్చింది. బండి కదిలేదాకా కూతురి మణికట్టు వదల్లేదు.

"ఆడ సలి మస్తుంటదట. చెవులకు గుడ్డ కట్టుకో" అన్నది. అంతకన్నా ఏం చెప్పాలో ఆమెకు తోచలేదు.

ఇంగ్లండులో మొదటి నాలుగు నెలలు ఎస్తేరు పనిలో మునిగిపోయింది. డిసెంబరు రాగానే హాస్టలు ఖాళీ కాసాగింది. ఒక్కొక్క పిల్లా పెట్టె సర్దుకుని తన ఊరికి వెళ్లిపోతుంటే, పై అంతస్తులో ఆమె ఒక్కతే మిగిలింది. మధ్యాహ్నం మూడున్నరకే చీకటి పడే ఆ రోజుల్లో ఒక ఉత్తరం వచ్చింది. మిస్సమ్మ సొంత ఊరి నుంచి, బోర్డింగుకు చందాలు పంపే ఫెంటన్ అనే ఆమె రాసింది. 'విదేశం నుంచి వచ్చిన పిల్లవు, పండగ పూట ఒంటరిగా ఉండకూడదు. మా ఇంటికి రా. నీ కోసం పదిహేడేళ్లుగా ఎదురుచూస్తున్నాం' అని ఉంది. మిస్సమ్మ పుట్టిన ఊరు చూడబోతున్నానని ఎస్తేరు ఆ రాత్రి ఆనందంతో నిద్రపోలేదు.

స్టేషన్లో ఫెంటనమ్మ ఆమెను చూడగానే కావలించుకుని బావురుమన్నది. ఇంట్లో పొయ్యి గూటి మీద ఒక ఫొటో చట్రంలో ఉంది. గోనెపట్టా చుట్టుకున్న, గుండు గీసిన పిల్ల.

"ఇది నువ్వే, ఎస్తేరూ. రోజూ రాత్రి ఈ బొమ్మ ముందు నీ కోసం ప్రార్థన చేసుకున్నాం" అన్నదామె.

ఎస్తేరు ఫొటో దగ్గరికి వెళ్లింది. ఆ రోజు ఆమెకు బాగా గుర్తుంది. పేలు ఉన్నాయని గుండు చేశారు. ఫొటో తీసే ముందు మిస్సమ్మ కొత్త లంగా విప్పించి, కొట్టుగదిలోంచి గోనెసంచి తెప్పించి చుట్టింది. ఏదో ఆట అనుకుని తాను నవ్వితే, "నవ్వకూడదు" అన్నది. ఆ లంగా మడిచి చేతిలో పట్టుకుని, కెమెరా వెనక అవ్వ నిలబడి ఉంది. బొమ్మలో అవ్వ లేదు.

పండగకు ముందురోజు చర్చి హాల్లో ఆడవాళ్ల కూటం. ఎస్తేరును ముందు వరసలో కూర్చోబెట్టారు. పాస్టరు పాత ఉత్తరం ఒకటి తీసి చదివాడు. అది మిస్సమ్మ రాసింది. 'ఈ పసిదాని తండ్రి జబ్బుతో పోయాడు. తల్లి ఈమెను రైలు స్టేషన్లో వదిలేసి, మర్నాడు ఆకలితో చనిపోయింది. ఈ భూమ్మీద తనవారంటూ ఎవరూ లేరు. తల్లిదండ్రులు లేని బైబిలు ఎస్తేరు పేరే ఈమెకు పెట్టాను.' హాల్లో ముక్కులు తుడుచుకుంటున్న చప్పుడు. చదవడం అయ్యాక అందరూ ఎస్తేరు వైపు తిరిగి, రెండు మాటలు చెప్పమన్నారు.

ఆమె లేచింది. తాండూరు స్టేషన్లో అవ్వ పట్టుకున్న మణికట్టును రెండో చేత్తో పట్టుకుంది. ఇన్ని తెల్ల మొహాలు, ఇంత ప్రేమ. ఏమనగలదు? "మీ అందరికీ వందనాలు" అని కూర్చుంది. అందరూ చప్పట్లు కొట్టారు. తన నోటితో తానే అవ్వను పాతిపెట్టినట్టయింది.

మర్నాడు క్రిస్మస్. వంటింట్లో ఫెంటనమ్మ బంగాళాదుంపలు చెక్కు తీస్తుంటే ఎస్తేరు పక్కన నిలబడి, "అమ్మా, ఒక మాట. మా అమ్మ బతికే ఉంది" అన్నది.

ఫెంటనమ్మ చాకు ఆగింది.

"ఆమె పేరు మొగులమ్మ. తాండూరులో రాళ్లు మోస్తుంది. నన్ను ఎక్కడా వదిలెయ్యలేదు. బడికి తీసుకొచ్చి అప్పజెప్పింది. ఏటా పండక్కి నన్ను చూడటానికి వస్తుంది."

ఫెంటనమ్మ చేతులు తుడుచుకుంది. "మరి ఇన్నేళ్లూ నువ్వెందుకు చెప్పలేదు?" అన్నది.

"నాకు నిన్ననే తెలిసింది."

ఫెంటనమ్మ నమ్మలేదు. నమ్మితే పదిహేడేళ్ల ప్రార్థనల్లో తాను ఏడ్చిన ఏడుపంతా ఏమైపోవాలి? విందులో ఎస్తేరు పళ్లెంలో అన్నీ వడ్డించింది గాని, ఆ పూట ఆమె కళ్లలోకి చూడలేదు. సాయంత్రానికి పొయ్యి గూటి మీద ఫొటో లేదు. మోసపోయిన ఇద్దరు ఆడవాళ్లు ఒకే గదిలో కూర్చున్నారు. అందులో ఒకరు రెండోవారినే దొంగ అనుకుంటున్నారు. మర్నాడు రైళ్లు సరిగ్గా లేకపోయినా ఎస్తేరు పెట్టె పట్టుకుని ఖాళీ హాస్టలుకు వెళ్లిపోయింది. కొత్త సంవత్సరం దాకా ఆ మేడలో ఒక్కతే తిన్నది, ఒక్కతే పడుకుంది. ఆమెను ఎక్కువగా బాధపెట్టింది చలి కాదు, చదువు కాదు, తెల్లవాళ్లు కాదు. టైఫాయిడ్ రోజుల్లో నుదుటి మీద తడిగుడ్డ మార్చిన మిస్సమ్మ చెయ్యి.

తర్వాతి ఏడు సెప్టెంబరులో ఆమె వికారాబాద్‌లో దిగలేదు. నేరుగా తాండూరులో దిగింది. గుడిసె ముందు మంచం మీద కూర్చుని తల్లికి అంతా చెప్పింది.

"నేను సచ్చిన్నని రాసిందా?" అని అడిగింది మొగులమ్మ.

"అవునే అవ్వా. ఆకలికి సచ్చినవని."

మొగులమ్మ లేచి నీళ్లు తేవడానికి పోయింది. మర్నాడు పనికి పోలేదు. పండగ చీర కట్టుకుని, "నడువ్ బిడ్డా, వికారాబాద్ పోదం. నన్ను జర కండ్లార సూస్తదేమో సూస్త" అన్నది.

మిస్సమ్మ వరండాలోనే ఉంది. జుట్టు పూర్తిగా నెరిసింది. ఇంగ్లండు ఉత్తరాలు ఎప్పుడో చేరినట్టున్నాయి. ఎస్తేరును చూసి నవ్వలేదు. తల్లిని మాత్రం, "మొగులమ్మా, క్షేమముగా ఉన్నావా?" అని పలకరించింది.

"సచ్చినదాన్ని, సేమంగ ఎట్లుంట దొరసానీ?"

మిస్సమ్మ కళ్లద్దాలు తీసి తుడిచింది. "ఎస్తేరూ, నీవు నన్ను నా జనుల యెదుట అబద్ధికురాలిని చేసితివి" అన్నది.

"అబద్ధం నేను చెప్పలేదు మిస్సమ్మా."

"తల్లి యున్న పిల్లకు అచ్చట ఎవరును జాలిపడరు. నేను ఒక్క మాట మార్చి వ్రాసితిని. ముప్పదిమంది పిల్లలు చదువుకొనిరి. నీవును చదువుకొంటివి."

"గా ఒక్క మాట నేనే గద దొరసానీ" అన్నది మొగులమ్మ. గొంతు పెంచలేదు. "పండుగకొస్తే దొరల ముంగటికి రావద్దంటివి. పనోళ్ల తీరు ఎనక కూసున్న. నా బిడ్డ సదువు కోసమని కూసున్న. గందుకా?"

ఎస్తేరు తల్లి వైపు తిరిగింది. ఇది ఆమెకు తెలియదు. ఇన్నేళ్లూ అవ్వది సిగ్గే అనుకుంది.

"మొగులమ్మా, కూర్చొనుము" అని మిస్సమ్మ కుర్చీ చూపించింది. మొగులమ్మ కూర్చోలేదు. క్షమించమన్న మాట కోసం ఎస్తేరు కాసేపు ఆగింది. అది రాలేదు. బోర్డింగు పిల్లలు కిటికీల్లోంచి తొంగిచూస్తున్నారు. తల్లీ కూతుళ్లు నడుచుకుంటూ స్టేషనుకు వచ్చేశారు.

ఎస్తేరు వికారాబాద్ కొలువు వదిలేసింది. తాండూరు సర్కారు దవాఖానాలో కాన్పుల నర్సుగా చేరింది. తల్లిని గని పని మాన్పించడానికి మరో రెండేళ్లు పట్టింది. మొగులమ్మ ఆదివారం చర్చికి పోవడం మానలేదు. ఎస్తేరు మానేసింది. "దేవుడేం జేసిండే?" అని తల్లి అడిగితే, "దేవుని మీద కోపం కాదు. ముంగటి బల్ల మీద కూసుంటే ఎవరో ఉత్తరం సదువుతరనిపిస్తది" అనేది. నాలుగో ఏట క్రిస్మస్‌కు మాత్రం తల్లి వెంట వెళ్లి, చివరి బల్ల మీద కూర్చుని, పాట సగంలో ఉండగానే లేచి వచ్చేసింది.

1963లో మిస్సమ్మ పదవి విరమించి స్వదేశానికి పోతుంటే, బోర్డింగులో తనతో చదివిన కాశమ్మ తాండూరు వచ్చింది. పాత విద్యార్థినులందరి సంతకాలతో సన్మానపత్రం తయారైంది. ఎస్తేరు పేరు మొదట ఉండాలని మిస్సమ్మే కోరిందట.

"నేను చెయ్య" అన్నది ఎస్తేరు. "నీకెరుకనా కాశమ్మా, మీ అవ్వ సుత సచ్చిందనే రాసి ఉంటది."

"ఎరుకనే" అన్నది కాశమ్మ. "రాస్తే రాసింది. మా అవ్వకేం నొప్పి లేసింది? నేనిప్పుడు టీచర్‌ని. గామె లేకుంటే రాళ్లు మోసేదాన్ని."

"సదువు చెప్పింది గామెనే. కాదన. దస్తకత్ మాత్రం చెయ్య."

కాశమ్మ చాయ్ ముట్టకుండానే కాగితం చుట్టుకుని లేచింది. గుమ్మంలో మొగులమ్మ ఎదురై, ఎవరో గుర్తుపట్టి, "మంచిగున్నవా బిడ్డా, మీ అవ్వ పానం ఎట్లుంది?" అని అడిగింది. కాశమ్మ తలవంచుకుని, "మంచిగనే ఉంది" అని బస్సు కోసం వెళ్లిపోయింది. ఎస్తేరు చల్లారిన చాయ్ పారబోసి గ్లాసు కడిగింది. పక్క ఊరు కరణ్‌కోట నుంచి, చాంద్‌బీ అనే గర్భిణికి కాన్పు నొప్పులు మొదలయ్యాయని కబురు రావడంతో సంచి భుజానికి తగిలించుకుని బయలుదేరింది.