బోర్డులు చదివే బాబాయి

మా బాబాయికి వీధిలో బోర్డు కనబడితే, దాన్ని పైనుంచి కిందిదాకా బయటికి చదవనిదే అడుగు ముందుకు పడేది కాదు.

పోనీ చదువంటే ప్రాణమా అంటే, అదీ కాదు. ఆయనది తాళాలు బాగుచేసే దుకాణం. ఇంట్లో పేపరు ముట్టేవాడు కాదు. ఉత్తరం వచ్చినా విప్పకుండా నా చేతికిచ్చి "ఏముందో చూసి చెప్పు" అనేవాడు. రోజుకు పట్టుమని పది మాటలు మాట్లాడని మనిషి, సాయంత్రం పిన్నితో నడకకు బయల్దేరితే మాత్రం నోరు మూసేవాడు కాదు.

కాలేజీ చదువుకని మూడేళ్లు వాళ్లింట్లో ఉన్నాను కాబట్టి ఆ నడకలో మూడో మనిషిని నేనే. ఇంటి నుంచి రైలు కట్ట దాకా మామూలు మనుషులకు పావుగంట. మాకు గంట.

"'ఇచ్చట కళ్లద్దాలు సరిచేయబడును. ఆదివారం సెలవు,'" అని చదివి నిలబడిపోయేవాడు.

"నిన్నా అదే ఉంది కదా బాబాయ్?"

"మార్చారేమోనని."

గోడ మీద 'ఇక్కడ చెత్త వేయరాదు' అని ఉంటే ఒక్కోరోజు మూడుసార్లు చదివేవాడు. పళ్ల డాక్టరు బోర్డు దగ్గరైతే ఆయన డిగ్రీలు ఒక్కో అక్షరమే కూడబలుక్కుంటూ చదివేవాడు. ఒకసారి ఆ డాక్టరే బయటికొచ్చి, "పన్నేమైనా నొప్పా అండీ?" అని అడిగాడు.

"లేదండీ. మీ గురించి తెలుసుకుంటున్నాను," అన్నాడు బాబాయి.

పక్కన పిన్ని నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడేది. ఆవిడ స్కూల్లో డ్రిల్ టీచరు. ఇరవై ఎనిమిదేళ్లు మెడలో ఈల వేసుకుని పిల్లలతో సమానంగా పరిగెత్తిన మనిషి. "నడవడానికొచ్చామా, పరీక్షకు చదవడానికొచ్చామా?" అని విసుక్కునేది.

యాభై రెండో ఏట ఆవిడ ఎడమకాలు మోకాలి దగ్గర విల్లులా బయటికి వంగిపోయింది. ఎముకల డాక్టరు ఎక్స్‌రే మీద తుంటి నుంచి చీలమండ దాకా స్కేలు పెట్టి గీత గీశాడు. మోకాలి మధ్యలోంచి పోవలసిన గీత లోపలి అంచు మీదుగా పోయింది.

"ఒంటి బరువంతా లోపలివైపే పడుతోందమ్మా. అక్కడ గుజ్జు అరిగిపోయింది. బయటివైపు బాగానే ఉంది. మోకాలి కింద ఎముక కోసి, కాస్త తెరిచి, ప్లేటు బిగించి కాలు నిటారు చేస్తాం. అప్పుడు బరువు బాగున్న వైపుకు జరుగుతుంది. నొప్పి ఎన్నాళ్ల నుంచి?"

"నొప్పేం లేదు," అంది పిన్ని.

"ఆరేళ్లు," అన్నాడు బాబాయి.

పిన్ని చటుక్కున ఆయన వంక తిరిగింది. ఆవిడ ఎవరికీ చెప్పలేదు మరి.

ఆపరేషనయ్యాక ఆరువారాలు ఆ కాలు నేల మీద మోపకూడదన్నారు. పిన్ని కిటికీ దగ్గర కాలు చాపుకుని వీధి వంక చూస్తూ కూర్చునేది. స్కూలు మైదానంలోంచి ఈల వినబడితే "ఎవరో కొత్తావిడ, ఊదడం రాదు," అని మొహం తిప్పుకునేది.

"మీరిద్దరూ వెళ్లిరండి," అని ఒకరోజు మమ్మల్ని తరిమింది. బాబాయి ఒక్క బోర్డు చదవలేదు. పళ్ల డాక్టరు ముందునుంచి తలొంచుకుని వెళ్లిపోయాడు. పోయి రావడం అరగంట పట్టలేదు. "ఇంత దగ్గరా ఇది," అన్నాడు గుమ్మంలో, ఏదో పోగొట్టుకున్నవాడిలా.

"కళ్లద్దాలాయనకు సెలవెప్పుడు?" అని లోపల్నుంచి అడిగింది పిన్ని.

"ఆదివారమే."

"పళ్లాయన డిగ్రీలు?"

"అన్నీ ఉన్నాయి."

ఆవిడ నిట్టూర్చి మళ్లీ కిటికీ వైపు తిరిగింది.

నాలుగో నెలలో నడక పరీక్ష. నేలలో బిగించిన పలకల మీద నడిస్తే, ఏ కాలి మీద ఎంత బరువు పడుతోందో తెర మీద కనబడుతుంది. కాలు నిటారుగా ఉందనీ, మోకాలి లోపలివైపు భారం బాగా తగ్గిందనీ చెప్పింది ఫిజియోథెరపీ అమ్మాయి.

"కానీ మేడమ్, నలభై అడుగులు కాగానే ఆగిపోతున్నారు. నొప్పా?"

"లేదమ్మా. అక్కడ ఈయన బోర్డు చదువుతారు."

అమ్మాయి గోడల వంక చూసింది. బాబాయి తన చెప్పుల వంక చూసుకున్నాడు.

"నలభై అడుగులకు పోటు మొదలయ్యేది. కాసేపు ఆగుదామంటే నేను ఒప్పుకునేదాన్ని కాదు. అందుకని బోర్డులు పట్టుకున్నారు. పోటు మరీ ఎక్కువైన రోజు చెత్త బోర్డు మూడుసార్లు."

"నీకు తెలుసా?" అన్నాడు బాబాయి నెమ్మదిగా.

"కడుపునొప్పని డ్రిల్లు ఎగ్గొట్టే పిల్లల్ని ఎంతమందిని చూశాను. మీ నటన నాకు తెలియదా?"

పిన్ని మళ్లీ స్కూలుకు వెళ్లసాగింది. సాయంత్రం నడకలో ఆవిడ ముందు, మేం వెనక. బాబాయికి ఇక పని లేదు. అయినా బోర్డు వచ్చినప్పుడల్లా ఆయన అడుగు కాస్త తడబడి, పెదవులు కదిలి, మళ్లీ సర్దుకునేది. నా చదువు అయిపోవచ్చింది. ఆ గంట నడక ఇక రాదని నాకూ బెంగగా ఉండేది.

ఒక సాయంత్రం పిన్ని మాకంటే చాలా ముందు వెళ్లి, కొత్తగా సున్నం కొట్టిన ఒక గోడ ముందు ఆగింది. మేం వెళ్లేదాకా కదలలేదు.

"ఏవండీ, ఇక్కడేం రాశారో చదవండి. నేను కళ్లద్దాలు తెచ్చుకోలేదు."

పిన్నికి కళ్లద్దాలే లేవు. గోడ మీద అక్షరమూ లేదు. బాబాయి గోడను ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూసి, గొంతు సవరించుకున్నాడు.

"'సున్నం ఆరలేదు. ఆనుకోరాదు.'"

"ఇంకోసారి," అంది పిన్ని.