హెడ్లీ బాబాయ్ బరువు

ఇరవై రెండేళ్లుగా గూస్ బే రేవులో మనుషుల్ని తూచడం నా పని. ఉత్తరాన చేపల వేటకు తీసుకెళ్లే నీటి విమానం చిన్నది. ఎక్కే ప్రతి మనిషినీ, ప్రతి మూటనూ కాటా మీద పెట్టి, పుస్తకంలో రాసుకున్నాకే అది నీళ్ల మీద నుంచి లేస్తుంది. కాబట్టి ఈ ఊళ్లో మగవాళ్ల బరువు వాళ్ల పెళ్లాలకంటే నాకే బాగా తెలుసు. అందరూ అబద్ధాలకోర్లే. బూట్లు విప్పి ఎక్కేవాడొకడు, జేబులో సీసా పక్కవాడి చేతికిచ్చి ఎక్కేవాడొకడు. ఊపిరి బిగబడితే ముల్లు దిగుతుందనుకునే మహానుభావులు కూడా ఉన్నారు. ఉన్న బరువు దాచేవాళ్లతో వేగి వేగి విసిగిపోయాను. లేని బరువు తెచ్చి తగిలించుకున్న మనిషిని మాత్రం మొన్న జూలైలోనే చూశాను. నెల దాటినా ఆ దిగ్భ్రాంతి ఇంకా నన్ను వదల్లేదు.

ఆయన పేరు హెడ్లీ చాక్. డెబ్బై ఒక్కేళ్లు. ఊరంతటికీ బాబాయే. విమానాల స్థావరంలో ఇంజన్లు బాగుచేసి రిటైరయ్యాడు. భార్య ఎఫీ పోయాక ఆయనకు మిగిలింది రెండే: బాల్య స్నేహితుడు విన్స్, ఏటా జూలైలో ఇద్దరూ వారం రోజులు గడిపే ఏరు. అక్కడ సాల్మన్, ట్రౌట్ చేపలు తప్ప పలకరించే ప్రాణి లేదు. విమానం దింపేసి వచ్చేస్తుంది, మళ్లీ ఏడో రోజున వెళ్తుంది. ఈలోగా ఏం జరిగినా దిక్కు లేదు.

ఆ ప్రయాణానికి సామాన్ల జాబితా రాయడానికి బాబాయ్ ఫిబ్రవరిలోనే కూర్చునేవాడు. కిటికీలు సగానికి మంచులో కూరుకుపోయి ఉంటే, ఆయన వంటింటి బల్లమీద చిన్న తక్కెడ పెట్టుకుని టీ ఆకు తూచేవాడు. పళ్లు తోముకునే బ్రష్షుల పిడులు సగానికి కోసేవాడు. పాల డబ్బాల మీద కాగితాలు కూడా చింపి పారేసేవాడు. విన్స్‌కి మోకాళ్ల నొప్పులు. మడత కుర్చీ ఒకటి తెచ్చుకుంటానని ముప్పై ఒక్క ఏళ్లుగా బతిమాలుతున్నాడు. పదకొండు పౌండ్ల కుర్చీ ఎందుకురా, ఏటి ఒడ్డున రాళ్లు లేవా అని బాబాయ్ ఏటా కొట్టేసేవాడు. విన్స్ వాళ్లమ్మ ఇచ్చిన ఇనప పెనానికీ అదే గతి. ఆ పిసినారితనం చూసి నేను ఎన్నిసార్లు నవ్వానో. కానీ ఒక మాట ఒప్పుకోవాలి: రేవులో కాటా మీదికి అబద్ధం లేకుండా ఎక్కే మనిషి ఆయనొక్కడే. ఆయన జాబితాకూ నా ముల్లుకూ ఎన్నడూ పౌండు తేడా వచ్చేది కాదు.

ఈసారి జాబితాలో తన పేరు పక్కన నూట తొంభై ఆరు అని రాసుకొచ్చాడు. విన్స్‌తో కలిసి చెక్కవంతెన మీద నెమ్మదిగా, రెండుచోట్ల ఆగి వచ్చాడు. జూలై ఎండలో రెండు స్వెటర్లు, వాటిమీద బోలెడు జేబుల చేపల కోటు. కుట్టే నల్ల ఈగల బాధకేమో అనుకున్నాను. కాటా ఎక్కితే ముల్లు సరిగ్గా నూట తొంభై ఆరు మీద ఆగింది. కిందటేడు పేజీ తిప్పి చూశాను. అప్పుడూ నూట తొంభై ఆరే.

"ఏంటి బాబాయ్, ఒంటిక్కూడా ప్లానేశావా?" అన్నాను.

ఆయన నవ్వాడు. ఎవరి బరువూ రెండేళ్లపాటు అంత కచ్చితంగా నిలబడదని నాకు తట్టాలి. తట్టలేదు.

విమానంలో ప్రాణరక్షణ కోటు వేసుకోవాలి కదా, అందుకని తన కోటు విప్పి బెంచీ మీద పెట్టాడు. అందిద్దామని ఒంటిచేత్తో పట్టుకున్నాను. అది లేవలేదు. ఏదో మేకుకు పట్టిందనుకుని ఇంకోసారి లాగాను. అప్పుడు అస్తరు కింద వరసగా గట్టి గుండ్లు వేళ్లకు తగిలాయి. వాళ్ల నాన్న కాలంనాటి సాల్మన్ వల మునగడానికి అంచుకు కట్టే సీసపు గుండ్లు. ఒక్కొక్కటీ విడివిడిగా, కదలకుండా, చప్పుడు కాకుండా కుట్టి ఉన్నాయి.

"మళ్లీ ఎక్కు బాబాయ్," అన్నాను.

ఎక్కాడు. నూట యాభై ఎనిమిది.

విన్స్ ముల్లును చూశాడు, కోటును చూశాడు, మళ్లీ ముల్లును చూశాడు. ఫిబ్రవరి నుంచి వారానికి మూడు రోజులు ఆ బల్ల దగ్గర కలిసి కూర్చున్న మనిషి. బుగ్గలు పీక్కుపోయాయేంట్రా అని ఇతనడిగితే, బాబాయ్ కట్టుడు పళ్లు సరిపోక తినలేకపోతున్నానని చెప్పాడట. విన్స్ నమ్మాడు.

"ఎప్పట్నుంచి?" అన్నాడు విన్స్.

"మార్చి."

"మార్చిలో సెయింట్ జాన్స్ పట్నానికి వెళ్లింది కొత్త గాలం రీలు కొనడానికన్నావు."

"రీలు కూడా కొన్నాను."

పైలట్ తాడు విప్పబోతూ ఆగిపోయాడు. బాబాయే మళ్లీ నోరు విప్పాడు. కడుపులో గడ్డ ఉందట. కోసినా లాభం లేదని అక్కడి డాక్టర్లు అన్నారట.

"వచ్చే ఏడు జాబితా రాయక్కర్లేదన్నారురా విన్స్. మీకు తెలిస్తే ఈ ఏడు కూడా వెళ్లనివ్వరు కదా."

నాకు దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. ప్రయాణికుల కాగితం మీద జబ్బులేమైనా ఉన్నాయా అని అడిగిన చోట లేవని రాశాడు. నమ్మినవాళ్లందర్నీ నిలబెట్టి మోసం చేశాడు.

"మిర్నా, నేను కాటాని మోసం చెయ్యలేదమ్మా," అన్నాడు నా మొహం చూసి. "అది చెప్పిన బరువే విమానం ఎక్కేది."

"కాటా ఏడవదు బాబాయ్. మమ్మల్ని చేశావు మోసం."

ఆయన తలొంచుకున్నాడు. పెన్సిల్ నా చేతిలో ఉంది. పేరు కొట్టేస్తే ఆయన ఆగిపోతాడు. రాస్తే, దిక్కులేని చోటికి ఏడు రోజులు పంపుతున్నట్టు. పైలట్ వంక చూశాను. అతను విన్స్ వంక చూశాడు. ఏమైనా జరిగితే పక్కన ఉండాల్సింది విన్స్ ఒక్కడే మరి. విన్స్ మాత్రం వెనక్కి తిరిగి, కుంటుకుంటూ తన బండి వైపు వెళ్లిపోయాడు. బండి తలుపు దభీమని పడింది. అయిపోయింది, ఇంటికెళ్లిపోతున్నాడనుకున్నాను. బాబాయ్ కూడా అదే అనుకున్నట్టున్నాడు, బెంచీ మీద కూలబడ్డాడు.

విన్స్ తిరిగొచ్చాడు. చంకలో మడత కుర్చీ, చేతిలో ఇనప పెనం, ఏటా ఆశ చావక బండిలో వేసుకొచ్చేవే. రెండూ తెచ్చి కాటా మీద పెట్టాడు.

"ముప్పై ఎనిమిది పౌండ్లు ఖాళీ అయింది కదా," అన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "కుర్చీ నాక్కాదు. నువ్వు కూర్చుని గాలం వెయ్యి."

నేను లోపలికెళ్లి ఆఫీసులోని ఉపగ్రహ ఫోను తెచ్చి పెనంలో పెట్టాను. రోజూ పొద్దునా సాయంత్రమూ ఫోను చెయ్యాలని, ఒక్క పూట తప్పినా విమానం పంపిస్తానని విన్స్‌తో ఒట్టేయించుకున్నాను. పైలట్ సరేనన్నాడు. బాబాయ్ నా చేతిలోంచి పెన్సిల్ తీసుకున్నాడు. జబ్బుల దగ్గర రాసింది కొట్టేసి ఉన్నది రాశాడు. తన పేరు పక్కన నూట తొంభై ఆరు కొట్టేసి నూట యాభై ఎనిమిది వేశాడు. దాని కింద కుర్చీ పదకొండు, పెనం తొమ్మిది, ఫోను మూడు అని పొందిగ్గా రాసుకున్నాడు.

"ఇంకా పదిహేను మిగిలింది," అన్నాడు. "అది ఖాళీగానే ఉంచమ్మా. వచ్చేటప్పుడు చేపలుంటాయి."

విమానం లేచి కొండ దాటేదాకా చూశాను. తర్వాత ఆ కోటును లోపల పెడదామని ఎత్తాను. భుజం మీదికి రాలేదు. రెండు చేతులతో చెక్కల మీద ఈడ్చుకుంటూ ఆఫీసు గుమ్మం దాకా తెచ్చేసరికి నాకు ఆయాసం వచ్చింది. ఆయన దాన్ని ఒంటిమీద వేసుకుని, బండి దగ్గర్నుంచి కాటా దాకా నడిచి వచ్చాడు.