పద్మాబాయి మార్పించిన గది

పద్మాబాయి ఎమ్మిగనూరులో ఆడపిల్లల బడిలో ముప్పై ఒక్క ఏళ్లు తెలుగు చెప్పింది. నేను అదే బడిలో సైన్సు చెప్పేదాన్ని. ఆమె పుట్టింది మంత్రాలయంలో. తండ్రి మఠం వంటశాలలో పనిచేసేవాడు. పంతొమ్మిదో ఏట ఆమెను లెక్కల మాస్టరు సేతుమాధవరావుకిచ్చి పెళ్లి చేశారు. పిల్లలు కలగలేదు. ఇద్దరూ ఒకే స్కూటరు మీద ఇంటి నుంచి బడికి వచ్చేవాళ్లు, ఒకే స్కూటరు మీద వెళ్లేవాళ్లు. వాళ్ల గురించి ఊళ్లో చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు.

ఇంట్లో సంగతి వేరు. చారులో ఉప్పు ఎక్కువైనా, పొరుగింటావిడతో కాస్త ఎక్కువసేపు మాట్లాడినా, ఆయన ఆమెను సామాన్ల గదిలోకి పంపి బయట గడియ పెట్టేవాడు. కొట్టేవాడు కాదు, గొంతు పెంచేవాడు కాదు. ఒక్కోసారి గంట, ఒక్కోసారి పొద్దు వాలేదాకా. ఆ గదికి గాలీ వెలుతురూ లేవు. పదేళ్లు గడిచాక ఆయనకు ఆ అవసరం రాలేదు. ఆయనకు ఏది నచ్చదో ఆమె ముందే కనిపెట్టడం నేర్చుకుంది.

ఇద్దరూ రిటైరయ్యాక ఆయన నడుం నొప్పికని కర్నూలులో స్కానింగ్‌కు వెళ్లారు. స్కానింగు యంత్రం గొట్టంలోకి పంపిన నిమిషానికే ఆయన కేకలు పెట్టాడు. బయటికి లాగేసరికి చెమటతో చొక్కా తడిసి ముద్దయింది. "ఎవురికీ సెప్పొద్దు" అన్నాడు. ఆయన లిఫ్టు ఎందుకు ఎక్కేవాడు కాదో, స్నానాల గదికి గడియ ఎందుకు పెట్టుకునేవాడు కాదో ఆమెకు ఆరోజు తెలిసింది. ఆయన తాను భరించలేనిదాన్నే, తెలిసే, ఆమెకు శిక్షగా వేశాడని కూడా తెలిసింది.

రెండేళ్ల కింద ఆయనకు ఓడ ప్రయాణం మీద మనసు పోయింది. సింగపూరు నుంచి ఒకే ఓడలో వెంటవెంటనే రెండు ప్రయాణాలు: నాలుగు రోజులది ఒకటి, తిరిగొచ్చి దిగకుండానే మూడు రోజులది ఇంకొకటి. టికెట్ల కోసం భార్యను వెంటబెట్టుకుని ఆదోనిలోని ఒక ట్రావెల్సు ఆఫీసుకు వెళ్లాడు. అక్కడ కంప్యూటరు ముందు కూర్చునే పిల్ల నందిని. ఎమ్మిగనూరులో హాస్టల్లో ఉండి చదువుకుంది, పద్మాబాయి దగ్గరే. తండ్రి జయరాజు కౌతాళంలో కూలికి పోతాడు. ఆ ఇంట్లో కుర్చీలో కూర్చుని చేసే పని దొరికిన మొదటి మనిషి ఆమే.

నందిని సముద్రం చూడలేదు. కానీ ఓడలో గదుల పటం ఆమెకు కంఠతా వచ్చు. "ఈ గదులు వద్దు సార్. వీటి మీద వంటశాల ఉంటాది, తెల్లారకముందే బండ్లు తోసే సప్పుడు. ఈ గదులకు బాల్కనీ ఉండాది గానీ, ఎదురుగా ఆపదకుంచిన పడవ యాలాడుతా ఉంటాది, సముద్రం కనపడదు."

"నాకు బాల్కనీది మంచిది ఒకటి సూడు. ఆమెకు లోపలిది చాలు" అన్నాడు సేతుమాధవరావు.

"ఇద్దరికీ ఒకే గది సరిపోతాది కదా సార్?"

"ఆమె గురక పెడతాది. పండుకునేదానికి కిటికీ ఎందుకు?"

నందిని టీచరు వైపు చూసింది. పద్మాబాయి పటం చూస్తోంది. ఆమెకిచ్చిన గది ఓడ నడిమధ్య చిన్న పెట్టెలా ఉంది. ఓడ అంచు దానికి ఏ వైపునా తగలదు.

రెండో ప్రయాణానికి అవే గదులు దొరకవని, నాలుగు రోజులయ్యాక సామాను సర్దుకుని మారాలని నందిని చెప్పింది. ఆయన మళ్లీ అలాంటివే రెండు ఎంచి సంతకం పెట్టాడు.

పది రోజుల తర్వాత పద్మాబాయి ఒక్కతే బస్సెక్కి ఆదోని వచ్చింది.

"రెండో ప్రయాణంలో గదులు అటూ ఇటూ మార్చమ్మా. బాల్కనీ నాకు, లోపలిది సార్‌కు. ఆయనే చెప్పినాడు."

"సంతకం పెట్టి పోయినాడు కదా టీచర్. ఒక్క మాట ఫోన్ చేసి అడుగుతాను."

"అడగద్దు. నా మీద ప్రేమతో చేస్తున్నాడు, ఒకరికి తెలిస్తే సిగ్గుపడతాడు. టికెట్లు నేనే వచ్చి తీసుకుంటాను."

నందిని నవ్వి మార్చింది. టీచరుకు ఇన్నాళ్లకు ఒక మంచి జరిగిందని సంతోషపడింది కూడా.

మొదటి నాలుగు రోజులు పద్మాబాయి దీపం వేసుకుని ఆ పెట్టెలో ఉంది. సూర్యోదయం ఎంత బాగుందో ఆయన భోజనాల దగ్గర చెప్పేవాడు. ఐదో రోజు పొద్దున గది తలుపు తీసే కొత్త కార్డులిచ్చారు. ఆమె ముందుగా పైకి వెళ్లి బాల్కనీ గది తలుపు వేసుకుంది. కాసేపటికి ఆయన తలుపు తట్టాడు.

"పద్మా, కార్డులు తారుమారైనట్టుండాయి. తలుపు తీయి."

"కాలేదండి. దీనిమీద నా పేరే ఉంది."

"ఎవురు రాసినారు?"

"నందిని రాసి ఉంటుంది."

"సరే, మార్చుకుందాం. ఆ గదిలో నాకు..."

"మొదట్లో అట్లే ఉంటుందండి. తర్వాత అలవాటవుతుంది" అందామె.

ఓడ నిండిపోయింది, వేరే గది లేదని కౌంటరులో చెప్పారు. మూడు రోజులూ ఆయన ఈతకొలను పక్కన కుర్చీల్లో, మెట్ల దగ్గర సోఫాల్లో గడిపాడు. కళ్లు ఎర్రబడి, గడ్డం మాసిపోయింది. స్నానానికి కూడా ఆ గదిలోకి పోలేక సంధ్యావందనం మానేశాడు. పుట్టి బుద్ధెరిగాక అది మానడం అదే మొదలు. రెండో రోజు భోజనాల దగ్గర ఆయన ఆమె టేబులుకు వచ్చి, "నీ గదిలో స్నానం చేసి పోతాను, అంతే" అన్నాడు. "సాయంత్రం చూద్దాం" అందామె. సాయంత్రం తలుపు తీయలేదు. బాల్కనీలో కూర్చుని, ఇంటి నుంచి తెచ్చుకున్న అటుకుల చుడువ తింటూ నీళ్లు చూసింది. తనకు అంత సంతోషం కలగడం ఆమెకే వింతగా అనిపించింది. ఓడ నర్సు వచ్చి ఆయనకేమైనా జబ్బుందా అని అడిగితే, ఆయనది మొదటి నుంచీ మొండి స్వభావం అని చెప్పి పంపింది.

ఇంటికొచ్చాక ఆయన ఆమెను ఒక్క మాట అనలేదు. భార్య ఇంత పని చేసిందని ఒప్పుకోవడం ఆయనకు మింగుడుపడలేదు. నేరుగా ఆదోని వెళ్లి, తాను సంతకం పెట్టాక ఆ పిల్ల అడగకుండా గదులు మార్చిందని ఆఫీసు యజమాని లక్ష్మీనారాయణకు చెప్పాడు. టీచరే వచ్చి మార్పించిందని నందిని అంది. యజమాని నందిని ముందే, అందరికీ వినబడేలా పద్మాబాయికి ఫోన్ చేశాడు.

"నేనా? నేను ఒక్కదాన్నే ఆదోనికి ఎప్పుడొచ్చినానప్పా?" అంది పద్మాబాయి.

నందిని ఉద్యోగం ఆ పూటే పోయింది. లక్ష్మీనారాయణ ఊళ్లోని మిగతా ఆఫీసులకు కూడా ఆమె పేరు చెప్పి పెట్టాడు. ఇప్పుడు నందిని తల్లితో కలిసి కౌతాళం చేలల్లో పత్తి ఏరుతోంది.

మొన్న చలికాలంలో పద్మాబాయీ నందినీ ఆదోని బస్టాండులో ఎదురుపడ్డారు. పత్తికాయల మొనలు గీసుకుని నందిని వేళ్లు పగిలి ఉన్నాయి.

"నేను మీకు ఏం సేసినాను టీచర్?"

"ఏమీ చేయలేదమ్మా."

"ఒక్క మాట నిజం సెప్పింటే సాలు కదా."

"చెప్పుంటే ఆయన నన్ను ఊరికే వదిలేవాడు కాదు."

"నన్ను వదిలినాడా?"

అంతలో ఎమ్మిగనూరు బస్సు వచ్చింది. పద్మాబాయి ఎక్కేసింది.

ఇదంతా ఆమే మా ఇంటికొచ్చి, కాఫీ తాగుతూ చెప్పింది. నందిని మాట దగ్గర కూడా ఆమె గొంతు మారలేదు. నాకు ఏం అడగాలో తోచక, ఆ బస్సులో సీటు దొరికిందా అని అడిగాను. దొరికిందంది.