ఇమాం సాబ్ చెలకలో ఇనుప రింగులు

1990 ఏప్రిల్ మొదటి వారంలో నన్ను మహబూబ్‌నగర్ నుంచి డిప్యుటేషన్ మీద నల్గొండకు పంపారు. హోదా భూగర్భజల శాఖలో టెక్నికల్ అసిస్టెంట్. ఉపగ్రహ చిత్రాలు చూసి నేలలో తడి ఎక్కడుందో, వాన నీరు ఎక్కడ బాగా ఇంకుతుందో మ్యాపు గీయడం నా పని. అడుగున దీపం వెలిగే గాజు బల్ల మీద ఫిల్ము పరిచి, పైన ట్రేసింగ్ కాగితం వేసి, కళ్లు మండేదాకా చూసేవాళ్లం. ఆ చిత్రాల్లో పచ్చని పైరు ఎర్రగా కనిపిస్తుంది. తడి నేల, చుట్టూ ఉన్న పొడి నేలకన్నా నల్లగా కనిపిస్తుంది.

మర్రిగూడ దగ్గర ఒక ఊరికి ఊట చెరువు మంజూరైంది. అది నీళ్లు నిల్వ ఉంచడానికి కాదు, భూమిలోకి దించడానికి కట్టే చెరువు. అక్కడి బోరు నీళ్లలో ఫ్లోరైడ్. వాన నీరు లోపలికి దిగితే అది కొంతైనా పలచబడుతుందని ఊరి ఆశ. నా మ్యాపులో వాగు పక్కన ఒక నల్లటి పట్టీ తేలింది. కింద రాతి పగులు ఉంది కాబట్టే తడి నిలిచిందని తేల్చి, స్థలం అదేనని రాసేశాను. కాలు పెట్టి చూడకుండానే రాశాను. ఆ పట్టీ ఇమాం సాబ్ అనే రైతు నాలుగెకరాల చెలక, వాన మీదే పండే మెట్ట చేను. ఆయనకున్న భూమి అదొక్కటే. నేను నేల పరీక్ష చేసి సంతకం పెడితే, మర్నాడు పొద్దున ఫైలు భూసేకరణకు వెళ్తుంది.

జీపు దిగగానే జనం మూగారు. నా నోరు ఊరుకోదు. పైనుంచి చూస్తే మీ ఊళ్లో ఏ బర్రె నెమరేస్తోందో కూడా తెలుస్తుందని ఒక కోత కోశాను. అందరూ నవ్వారు. ఇమాం సాబ్ నవ్వలేదు.

“బర్రె నెమరేసుడు గానవడ్డది గని, మూడేండ్ల సంది నేను బండి గట్టి చెరువు మట్టి దోలుడు గానరాలేదా సారూ? గది తడి గాదు, మట్టి నలుపు.”

నా నవ్వు అక్కడే ఆగిపోయింది. ఎండాకాలం చెరువు అడుగు నుంచి నల్లమట్టి తవ్వి ఎర్ర చెలకలకు తోలడం మా జిల్లాల్లో ఆనవాయితీ. చిన్నప్పుడు ఆ బండ్ల మీద ఎక్కి తిరిగినవాణ్ణే. గాజు బల్ల ముందు కూర్చున్నాక ఆ సంగతే తట్టలేదు.

“చెలక పోతదని గట్లంటుండు సారూ. మీరు కానియ్యిండ్రి,” అన్నాడు సర్పంచ్.

పరీక్ష ఇలా ఉంటుంది. ఒకదానిలో ఒకటి ఇమిడే రెండు ఇనుప రింగులను నేలలోకి దిగగొట్టి నీళ్లు పోస్తాం. లోపలి నీళ్లు పక్కలకు పోకుండా బయటి నీళ్లు కాపలా. లోపలి రింగులో స్కేలు నిలిపి, ఐదు నిమిషాలకోసారి ఎంత దిగిందో రాస్తాం. దిగే వేగం నిలకడకు వచ్చేదాకా ఆపకూడదు. ఎండకు నోళ్లు తెరిచిన నేల మొదట్లో గటగటా తాగేస్తుంది. ఆ అంకెలను నమ్మకూడదు.

జీపులో తెచ్చినవి రెండు డ్రముల నీళ్లు. ఇంట్లో ఈ కథ చెప్పినప్పుడల్లా అవి ఐదారు అయ్యాయి. నిజానికి రెండే.

మొదటి అరగంట నీళ్లు కళ్లముందే దిగిపోయాయి. “దిగుతాంది! దిగుతాంది!” అని జనం కేక పెట్టారు. ఇమాం సాబ్ గొంతుక్కూర్చుని స్కేలు వంకే చూస్తున్నాడు. గంట దాటాక వేగం తగ్గడం మొదలైంది, నిలకడకు మాత్రం రాలేదు. అంతలో డ్రములు ఖాళీ అయ్యాయి.

అప్పుడు ఆపితే, చేతిలో ఉన్న అంకెల ప్రకారం చెలక పోయినట్టే. ఊరి చేతిపంపు గాలి కక్కుతోంది. ఎవరింట్లోనైనా నీళ్లున్నాయా అని అడిగాను.

“తాగనీకె లేవు, మన్నుల వోస్తమా? ఇంతసేపు దిగింది సాలదా?” అన్నాడు సర్పంచ్. ఆయన మాటలో తప్పు లేదు.

గట్టు మీద నిలబడ్డ ఇమాం సాబ్ భార్య ఖాజాబీ ఇంటికి వెళ్లింది. రెండు బిందెలతో తిరిగొచ్చింది. పక్కూరి బావి నుంచి మోసుకొచ్చిన తాగునీళ్లవి.

“పొయ్యి. ఇంట్ల ఇంకో బిందె ఉన్నది, ఫికర్ జెయ్యకు,” అంది మొగుడితో.

ఇమాం సాబ్ తన చేత్తోనే వంచాడు. “సగం గొలిచి సంతకం వెడ్తె మాత్రం ఊకోను సారూ.”

ఐదు నిమిషాలకు చూశాను. బాగా తగ్గింది. ఇంకో ఐదు నిమిషాలకు ఇంకా తగ్గింది. తడిసిన మట్టి పగుళ్లు మూసుకుంటోంది. తర్వాత వరసగా నాలుగుసార్లు ఒకే అంకె వచ్చింది. చాలా చిన్న అంకె. అక్కడ చెరువు కట్టినా నీళ్లు దిగవు, ఎండకు ఆవిరైపోతాయి.

సర్పంచ్ వంగి స్కేలు తానే చూసుకున్నాడు. “మరి మా నీళ్ల సంగతేంది సారూ?”

ఈసారి కోతలు కోయలేదు. వాగు ఎగువన కంకరలాంటి సర్కారు మొరం నేల ఉంది, కొలిచాకే చెబుతాను అన్నాను. వచ్చే వారం అక్కడ నాలుగు డ్రములతో, మూడు చోట్ల రింగులు దింపాం. వేగం నిలకడగా, ఎక్కువగా వచ్చింది. ఊట చెరువు అక్కడే కట్టారు.

మ్యాపు తప్పు నాదేనని నివేదికలో రాశాను. స్థలం చూడకుండా సిఫారసు చేసినందుకు డిప్యూటీ డైరెక్టర్ మెమో ఇచ్చారు. న్యాయమే.

ఆ ఉదంతం నేర్పింది ఇంతే. ఉపగ్రహం నేల రంగు చూపిస్తుంది, ఆ రంగు ఎలా వచ్చిందో దున్నేవాణ్ణి అడగాలి. ఇక మధ్యలో ఆపేసిన పరీక్ష అసలు చేయని పరీక్షకన్నా ప్రమాదం, ఎందుకంటే దాని చేతిలో అంకెలుంటాయి.